వీడియో బాబూ, ఇటు చూడు!

కాకినాడ. జ్యేష్ఠమాసపు రాత్రి. పెళ్లికూతురి గదిలో పొద్దుగూకినప్పటి నుంచి ఏసీ నడుస్తోంది. పూలజడ షాట్లు బాగా వచ్చాయి. నీ చేతిలో కెమెరా చల్లగా తగులుతోంది. తలుపు తీసి పందిట్లో అడుగుపెడతావు. సముద్రపు ఉక్క ఒక్కసారిగా ఒళ్లంతా పట్టేస్తుంది.

వ్యూఫైండర్‌లో చూస్తే జనం లేరు, మండపం లేదు, అంతా తెల్లటి మసక.

చెయ్యి చొక్కా అంచు మీదికి పోతోంది. ఆగు. లెన్స్ అద్దం మీద ఒక్క ఇసుక రేణువున్నా గీత పడుతుంది. పైగా ఎన్నిసార్లు తుడిచినా మసక మళ్లీ పడుతుంది. అద్దం చల్లగా ఉన్నంతసేపూ గాలిలోని తేమ దాని మీద నీరవుతూనే ఉంటుంది. లెన్స్ విప్పావా, ఆ తేమ సెన్సర్ దాకా పోతుంది. గదిలోనే జిప్ సంచిలో మూసి బయటికి తెచ్చుంటే ఆ నీరు సంచి మీద పట్టేది. ఇప్పుడు చేయగలిగింది ఓపిక పట్టడమే. ముహూర్తానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

మసక అంచుల నుంచి విడుతోంది. మండపం కనిపిస్తోంది, దాని మీద నల్లటి పట్టీలు పాకుతున్నాయి! కెమెరా పాడైందా? కన్ను పక్కకు తీసి చూడు. దీపాలు నిలకడగానే ఉన్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. దానితో ఈ ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటున్నాయి. కంటికి అందని ఆ మినుకు సెన్సర్‌కి చిక్కింది. షటర్ 1/60లో ఉంది. 1/50కి తిప్పు. పట్టీలు పోయాయి.

మేనమామ సన్నగళ్ల చొక్కా మీద రంగుల అలలు కదులుతున్నాయి. గళ్లకీ సెన్సర్‌లోని చుక్కల వరసలకీ పొత్తు కుదరడం లేదు. ఒక అడుగు పక్కకు జరుగు, చాలు.

పంతులుగారు గడియారం చూస్తున్నారు. జీలకర్ర బెల్లం పళ్లెం చేతికొచ్చింది. నీ స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

ఇప్పుడే మార్చాలి. స్టాప్ నొక్కు. కార్డు పక్కన చిన్న లైటు ఇంకా వెలుగుతోంది. ఫైలు రాస్తోంది. ఇప్పుడు బ్యాటరీ లాగితే ఇందాకటి షాటు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. లాగకు. ఆరింది. బ్యాగులో మొదట చేతికి తగిలిన బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉంది. దాన్ని బలవంతంగా తొయ్యకు, మళ్లీ ఛార్జింగూ పెట్టకు. పక్కన పెట్టు. రెండోది తీసుకో. బిగించు.

"గట్టిమేళం!"

రికార్డు. తలల మీద చేతులు పడ్డాయి. పక్కనే ఫొటో అబ్బాయి ఫ్లాష్ మెరిసింది. నీ ఫ్రేములో సగమే తెల్లబడింది, మిగతా సగం మామూలుగానే ఉంది. సెన్సర్ పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది. అది సగం దూరం వచ్చేసరికే ఫ్లాష్ అయిపోయింది. దానికి చేయగలిగింది లేదు. కన్ను తీయకు.

ముహూర్తం కార్డులో ఉంది. ఇక ఊరేగింపు. కారు ముందు డీజే బండి. దాని మీంచి ఆకుపచ్చ లేజర్ గీతలు పొగను కోస్తూ తిరుగుతున్నాయి.

"వీడియో బాబూ, ఇటు చూడు! లైట్లు తియ్యి, అదిరిపోవాలి!"

తిప్పకు.

భూతద్దంలోంచి ఎండ కాగితాన్ని కాల్చినట్టే, నీ లెన్స్ ఆ గీతను ఒక్క చుక్కగా కూర్చి సెన్సర్ మీద పెడుతుంది. ఒక్క క్షణం చాలు. కాలిన మచ్చ ప్రతి ఫ్రేములోనూ ఉంటుంది. తుడిస్తే పోదు. కెమెరా ఆపేసినా లెన్స్ తెరిచే ఉంటుంది.

గీత తిరుగుతోంది. ఎడమకు. పైకి. నీ వైపే.

మూత పెట్టు! తల దించు. నీ కన్నూ అంతే సున్నితం.

దాటింది. డీజే అబ్బాయిని గట్టిగా పిలువు. "తమ్ముడూ, లేజర్లు ఆకాశం వైపు తిప్పు!" తిప్పాడా సరే. తిప్పకపోతే బండికి వీపు పెట్టి నిలబడు. ఎదురుగా కొత్తజంట నవ్వుతోంది. అన్నింటికన్నా తీయాల్సింది ఆ మొహాలే. మూత తియ్యి, రికార్డు నొక్కు, వాళ్లతో పాటే వెనక్కి నడుస్తూ వెళ్లు.