చెల్లని నోట్లు

హాంకాంగ్‌లో క్యాట్ స్ట్రీట్ అని పిలిచే వీధి అసలు పేరు అప్పర్ లస్కర్ రో. లస్కర్లంటే మన వైపు నుంచి ఓడల్లో పనికొచ్చిన కళాసీలే. అక్కడ పాత సామాన్లమ్మే ఒక ముసలాయన దగ్గర రెండు నోట్లు కొన్నాను.

మొదటిది పది యువాన్ల నోటు. మీద సన్ యట్-సేన్ బొమ్మ. చైనా ప్రభుత్వానిదే అనుకున్నాను. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, అది జపాన్ ఆక్రమణలో నాన్‌జింగ్ నుంచి నడిచిన వాంగ్ జింగ్‌వెయ్ ప్రభుత్వానిదని. దాని సెంట్రల్ రిజర్వ్ బ్యాంకు 1941 జనవరిలో మొదలైంది. చుంగ్‌కింగ్‌కి తరలిపోయిన ప్రభుత్వం నోట్ల మీదా ఆ బొమ్మే ఉండేది. జనం తీసుకోవాలంటే తెలిసిన ముఖం కావాలి కదా!

ఆ పాత నోట్లను ఫాబీ అనేవారు. 1942లో వాటిని రద్దు చేసి, రెండు ఫాబీలకు ఒక కొత్త యువాన్ ఇచ్చారు. 1945లో జపాన్ ఓడిపోయాక తిరిగొచ్చిన ప్రభుత్వం, ఈ యువాన్లు 200 తెస్తే ఒక ఫాబీ ఇస్తామంది. లెక్క వేసి చూశాను. 1942లో షాంఘైలో ఒకరి దగ్గర 100 ఫాబీలుంటే, అవి 50 యువాన్లయ్యాయి. వాటిని అలాగే దాచుకుంటే మూడేళ్ళకు చేతికొచ్చేది పావు ఫాబీ. ఈలోగా ధరలు పెరిగి ఆ ఫాబీకీ విలువ పోయింది. మొదటిసారి సగం తీసుకున్నది ఆక్రమించినవాళ్ళు. రెండోసారి మిగిలింది ఊడ్చేసింది సొంత ప్రభుత్వం.

రెండోది జపాన్ సైన్యం అచ్చువేసిన యెన్ నోటు. హాంకాంగ్ 1941 క్రిస్మస్ నాడు లొంగిపోయింది. మొదట రెండు హాంకాంగ్ డాలర్లకు ఒక సైనిక యెన్ అన్నారు, 1942 జులైలో నాలుగు డాలర్లన్నారు, 1943లో డాలర్లనే నిషేధించారు. యుద్ధం అయ్యాక ఈ నోట్లకు ఒక్క సెంటు కూడా రాలేదు. 1993లో కొందరు హాంకాంగ్ వాళ్ళు టోక్యోలో దావా వేశారు. వాళ్ళు పడ్డ కష్టం నిజమేగాని పరిహారమివ్వడానికి చట్టం లేదని 1999లో కోర్టు కొట్టేసింది.

మడతలు పడని నోటుకే సేకరించేవాళ్ళు ఎక్కువ ధరిస్తారు. నా యెన్ నోటుకు నాలుగు మడతలున్నాయి, అందుకే చవగ్గా వచ్చింది. ఇలాంటివి వాళ్ళమ్మ బిస్కెట్ల డబ్బాలో దాచిందని, తను పోయేదాకా ఎవరినీ పారెయ్యనివ్వలేదని ముసలాయన చెప్పాడు.

ఎన్ని ఉండేవని అడిగాను.

లెక్కపెట్టడానికి మనసు రాలేదన్నాడు.