యువ క్రీడాకారిణులలో మూత్రస్రావ సమస్య: వైద్య చారిత్రక పరిశీలన

1928 ఆంస్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా మహిళలకు 800 మీటర్ల పరుగుపందెం నిర్వహించారు. పందెం ముగియగానే కొందరు అలసి కూలబడ్డారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ పందెం రద్దయింది. మళ్లీ 1960లో రోమ్‌లో గాని జరగలేదు. పరుగెత్తడం, దూకడం స్త్రీల గర్భాశయానికి చేటన్న అభిప్రాయం అప్పటికే పాతది. ఆ తరువాతా అది చాలాకాలం బతికింది. ఒలింపిక్ స్కీ జంపింగ్‌లో మహిళలకు 2014 దాకా చోటు దక్కకపోవడం వెనుక ఈ తరహా వాదం కూడా ఉంది. యువ క్రీడాకారిణులలో మూత్రం ఆపుకోలేని సమస్య చరిత్రను ఈ నేపథ్యం నుంచి విడదీసి చదవడం కుదరదు.

వైద్యశాస్త్రం ఈ సమస్యను చిరకాలం ప్రసవంతో, వయసుతో ముడిపెట్టి చూసింది. అమెరికన్ స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచురించిన వ్యాసం కాన్పు తరువాత సడలిన కటి కింది కండరాలను వ్యాయామంతో బిగువు చేయడం గురించినదే. నేడు ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన ఆ వ్యాయామాలు తల్లుల కోసం పుట్టాయి. కాన్పు ఎరుగని, దేహదారుఢ్యం గల అమ్మాయికి ఈ ఇబ్బంది ఉండవచ్చునన్న ఊహకు ఆ చట్రంలో తావు లేదు.

ఆ ఊహను గట్టిగా కదిలించినది 1994లో ఇంగ్రిడ్ నైగార్డ్ బృందం వెలువరించిన అధ్యయనం. అమెరికాలో విశ్వవిద్యాలయ జట్లకు ఆడుతున్న 144 మంది సమాధానమిచ్చారు. వారి సగటు వయసు ఇరవై ఏళ్ల లోపు. ఎవరికీ కాన్పు కాలేదు. ఆడుతున్నప్పుడు మూత్రం జారుతుందని వారిలో 28 శాతం తెలిపారు. క్రీడల వారీగా చూస్తే అంకెలు మరింత మాట్లాడతాయి: జిమ్నాస్టిక్స్‌లో 67, బాస్కెట్‌బాల్‌లో 66, టెన్నిస్‌లో 50, ఈతలో 10 శాతం, గోల్ఫ్‌లో సున్నా. ఒక్కొక్క క్రీడలో ఉన్నవారు కొద్దిమందే కనుక ఈ శాతాలను అతిగా నమ్మరాదు. అయినా వాటి వరుస స్పష్టం. ఎగిరి నేలపై దిగే ప్రతిసారీ పొత్తికడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రాశయంపై పడుతుంది. కటి కింది కండరాలు ఆ క్షణానికి బిగుసుకోకపోతే మూత్రం జారుతుంది. (ఇక్కడ ‘ఒత్తిడి’ దేహానికి సంబంధించినది. మానసిక ఒత్తిడికే ఆ మాట స్థిరపడిపోయిన నేటి తెలుగులో ఈ రుగ్మతను అపార్థం చేసుకోవడం సులభం.)

2002లో స్వీడన్‌లో ఎలియాసన్ బృందం 35 మంది ట్రాంపొలిన్ క్రీడాకారిణులను పరిశీలించింది. వారి వయసు 12 నుంచి 22 ఏళ్లు. 28 మందికి సమస్య ఉంది, అదీ ట్రాంపొలిన్‌పై మాత్రమే. అంటే దైనందిన జీవితంలో ఏ లోటూ లేని దేహం సాధన వేదికపై అదుపు తప్పుతున్నది. అదే ఏడాది థైసెన్ బృందం డెన్మార్క్‌లో 291 మంది అగ్రశ్రేణి క్రీడాకారిణులను, నర్తకులను ప్రశ్నించగా, సగానికి పైగా ఈ అనుభవం ఉందన్నారు.

ఇంతమందిలో ఉన్నది ఇంతకాలం ఎందుకు బయటపడలేదు? సిగ్గు ఒక్కటే కారణమనడం తేలిక. కాని స్త్రీల దేహాన్నే సాక్ష్యంగా చూపి మైదానం తలుపులు మూసిన కాలం దీర్ఘమైనది. అటువంటి చోట ‘నాకు మూత్రం జారుతోంది’ అని ఒప్పుకోవడం ప్రత్యర్థి చేతికి ఆయుధమివ్వడమే. ఈ మౌనంలో కొంత ఆత్మరక్షణ కూడా ఉందని భావించడం సమంజసం.

ఆ పాత భయానికి ఒక జవాబు 1997లోనే లభించింది. 1960–1976 మధ్య ఒలింపిక్స్‌లో పాల్గొన్న స్త్రీలను నైగార్డ్ మళ్లీ ప్రశ్నించారు. పోటీల కాలంలో జిమ్నాస్టులకు, పరుగు క్రీడాకారిణులకు ఈ ఇబ్బంది ఈతగత్తెల కంటే ఎక్కువగా ఉండేది. దశాబ్దాల తరువాత ఆ తేడా కనిపించలేదు. నాటి ఎగురుళ్లు శాశ్వత హాని చేశాయనడానికి ఆధారం దొరకలేదు. జ్ఞాపకం మీద ఆధారపడిన అధ్యయనం కావడం దీని పరిమితి. నాటి సంగతి వారిని నాడే అడిగి నమోదు చేసి ఉంటే ఆ పరిమితి ఉండేది కాదు.