గోరీలకు సున్నం, జ్ఞాపకాలకు?

శంషాబాద్‌లో విమానం దిగేవాళ్లలో ఆ ఊరి పేరులో ఎవరున్నారో తెలిసినవాళ్లు తక్కువ. నిజాం కొలువులో పాయ్‌గా వంశానికి దక్కిన షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదే ఆ ఊరికి పేరయింది. ఉమరావుల్లో సూర్యుడని దానర్థం. ఆ వంశం పని యుద్ధం. నిజాం కోసం ఫౌజును పోషించడం, అందుకు బదులుగా జాగీర్లు అనుభవించడం.

పహాడీషరీఫ్, జల్‌పల్లి మీదుగా పట్నం వైపు వస్తే సంతోష్‌నగర్ దగ్గర పీసల్‌బండ. పాయ్‌గా వాళ్ల ఖబరస్తాన్ అక్కడే. 1786లో చనిపోయిన అబుల్ ఫతే ఖాన్ తేగ్‌జంగ్ మొదలు తరతరాలవాళ్లు అక్కడే నిద్రపోతున్నారు. తేగ్‌జంగ్ అంటే యుద్ధంలో ఖడ్గం. గచ్చుతో అల్లిన జాలీలు, పాలరాతి గోరీల మీద నగిషీలు చూస్తే కళ్లు చెదురుతాయి. అవన్నీ ఏళ్ల తరబడి దిక్కులేక పెచ్చులూడాయి. ఆరు సమాధుల మరమ్మతుకు 2023లో అమెరికా రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించింది. పని ఆగాఖాన్ ట్రస్టు చేపట్టింది. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాదు, గోడ లోలోపలే చెడిపోతుంది. సున్నం కట్టడానికి మళ్లీ సున్నమే కావాలి.

సంతోషమే. కాని ఇలాంటి గోరీలను చూపించే మనందరినీ నవాబుల వారసులంటారు. మనలో దూది ఏకినవాళ్లున్నారు, మాంసం కొట్టినవాళ్లున్నారు, రిక్షా తొక్కినవాళ్లున్నారు. వాళ్ల తాతలకు జాగీర్లెక్కడివి? తేగ్‌జంగ్ వెనక నడిచి చచ్చిన సిపాయి గోరీ ఎక్కడ? ఆ జాలీలు అల్లిన ఉస్తాదుల పేర్లేవి? ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో 1922లో నిలబెట్టిన మూడు విగ్రహాల్లో ఒకటి మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన హైదరాబాద్ లాన్సర్లది. అక్కడ కూడా సిపాయి ఒక బొమ్మ మాత్రమే.

ఇక 1948 సంగతి. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా సాగిన సైనిక చర్యకు పోలీసు చర్య అని పేరు పెట్టారు. ఆ చర్య సమయంలోనూ, ఆ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013లో గాని జనానికి అందుబాటులోకి రాలేదు. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. వాటికి రజాకార్లు కాని రైతులూ, కూలీలూ ప్రాణాలతో బాకీ తీర్చడమూ అంతే నిజం. ఇంట్లో ముసలమ్మలు గొంతు తగ్గించి చెప్పుకున్న మాటలే వాళ్లకు మిగిలిన స్మారకం.

తేగ్‌జంగ్ గోరీని కాపాడుకుందాం, అది మన పనివాళ్ల చేతి పని కనుక. దాంతోపాటు ఊరూరా తిరిగి ఆ మృతుల పేర్లు రాసుకుందాం. హిందువైనా ముస్లిమైనా, ఎవరు చంపినా, పేరు పేరే. సున్నం ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ రోజులు చూసిన కళ్లు మాత్రం ఇక ఎంతోకాలం ఉండవు.