బిరుదములు – పిలుపు పేరులు

మన పల్లెలలో మనిషి అసలు పేరు పట్టాకాగితములలో నుండును. నలుగురి నోట నుండునది వేరొకటి. దానిని పెట్టినవా రెవరో చెప్పగలవారుండరు. రాజు లొసగు బిరుదముల రీతి వేరు. పెద్దనార్యుడు ఆంధ్రకవితాపితామహు డగుటకు కృష్ణదేవరాయల సభ కావలసి వచ్చినది. ఈ రెండు తెగల పేరులును ఆటగాండ్ర చరిత్రలో నొకచోట కలిసికొన్నవి. ఆ ముచ్చటను నేడు మీకు విన్నవింప దలచితిని.

ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు ఇనుప గొలుసులు తెంచి, రొమ్ముమీద ఏనుగు నెక్కించుకొని, 'కలియుగ భీముడు' అనిపించుకొనిరి. భారతము విన్న మనకు ఆ పేరు నెవరును విప్పి చెప్పనక్కరలేదు. ఇక హాకీ ఆటగాడు ధ్యాన్ సింగ్ పటాలపు కొలువు ముగిసిన పిదప వెన్నెలలో సాధన చేయుచుండుటచే తోడి సిపాయిలు 'చాంద్' అని పిలిచిరని చెప్పుదురు. 1928, 1932, 1936 ఒలింపిక్ క్రీడలలో బంగారు పతకములు గెలిచినవాడు ధ్యాన్ చంద్. తండ్రినుండి వచ్చిన 'సింగ్' మరుగున పడినది.

మా తాతగారు "కర్నలుగారి దెబ్బ" అనుచుండగా నేను చిన్నతనమున ఏదో యుద్ధపు కథ యనుకొని వినుచుంటిని. ఆ కర్నలు కొట్టారి కనకయ్యనాయుడుగారు, సి.కె. నాయుడుగా లోకమెరిగినవారు. 1895 లో నాగపురమున తెలుగు కుటుంబములో జన్మించిరి. ఇందూరు హోల్కరు మహారాజు 1923 లో పిలిపించి తన సైన్యమున కొలువిచ్చెను. 'కర్నల్' ఆ కొలువువలన వచ్చినదే. 1926 లో బొంబాయిలో ఇంగ్లాండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటల లోపలనే 153 పరుగులు చేసిరి. అందు పదునొకండు సిక్సరులు! తాతగారు చెప్పుచుండిన దెబ్బ యదియే.

1932 లో ఇంగ్లాండు వెళ్లిన భారత జట్టునకు పోరుబందరు మహారాజు నాయకుడు. ఆయన తన యాట యేపాటిదో తా నెరిగినవాడు. లార్డ్స్ మైదానమున మన మొదటి టెస్టు పందెము వచ్చినప్పుడు తాను తొలగి, నాయకత్వమును నాయుడుగారి కప్పగించెను. నాకు తోచినంతవరకు ఆనాడు ఏ బిరుదము నొందినవారి మర్యాదయు ఆయన మర్యాదకు సాటిరాదు.

1936 లో నాయకత్వము విజయనగరము మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజుగారికి చిక్కినది. వారిని అందరును 'విజ్జీ' యనుచుండిరి. మూడు టెస్టులలో వారు చేసినవి మొత్తము 33 పరుగులు. జట్టు రెండింట ఓడినది. బాగుగ నాడుచున్న లాలా అమరనాథును నడుమనే ఇంటికి పంపివేసిరి. నాయుడుగారు ఆ జట్టులో ఒక ఆటగాడు మాత్రమే. అయినను ఆ పర్యటన సాగుచుండగనే ప్రభువులు విజ్జీగారికి 'సర్' బిరుదము నిచ్చిరి. ఆట నెరిగినవారికి ఇది మింగుడుపడలేదన్న వింత లేదు. ఒక్క మాట న్యాయముగ చెప్పవలెను. 1930–31 లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆటగాండ్రను ఈ దేశమునకు రప్పించినవారు విజ్జీగారే. తరువాత రేడియోలో ఆట వర్ణించి చెప్పినవారును వారే. 1947 లో 'సర్' బిరుదమును తామే త్యజించిరి.

1950 లో అమలైన రాజ్యాంగము, తన 18 వ అధికరణమున, సైనిక విద్యా విషయకములు దక్క ప్రభుత్వము బిరుదము లీయరాదని శాసించినది. నాయుడుగారికి 1956 లోను, విజ్జీగారికి 1958 లోను వచ్చిన పద్మభూషణములు పురస్కారములేగాని బిరుదములు కావు. అట్టివానిని పేరునకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదని 1995 లో సుప్రీముకోర్టు తేల్చి చెప్పినది.

హోల్కరు సంస్థానము 1948 లో మధ్యభారతమున కలిసిపోయినది. ఆ సైన్యమును లేదు, బిరుదమిచ్చిన ప్రభువులును లేరు. అయినను కుర్రవాండ్రాడు జాతీయ పందెమునకు పేరు 'కర్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ'. విశ్వవిద్యాలయముల జట్లు ఆడు పందెమొకటి గజపతిరాజుగారి పేర కలదు. దానిని 'విజ్జీ ట్రోఫీ' యందురు. అందు 'సర్' లేదు.