ట్రాక్టరు నీటి ట్యాంకరు (అనంతపురం)

ట్రాక్టరు వెనక పిన్నుతో తగిలించి లాగే చక్రాల ఇనుప తొట్టి. ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో బోర్లు ఎండినప్పుడు ఊళ్లకు తాగునీరు, చీనీ (బత్తాయి) చెట్లకు ప్రాణతడి అందించే సాధనాల్లో ఇదొకటి. దీని భద్రత ఇంజను హార్స్‌పవర్‌లో కాక, బరువును ఆపగల శక్తిలో ఉంది. 5,000 లీటర్ల నీరంటే 5 టన్నులు. సుమారు రెండు టన్నుల ట్రాక్టరు చిన్న గేరులో దాన్ని లాగగలదు; కానీ ట్యాంకరుకు సొంత బ్రేకులు లేకపోతే దిగుడులో ఆ బరువే ట్రాక్టరును వెనక నుంచి నెడుతుంది. తొట్టి సగమే నిండితే బరువు తగ్గినా నీరు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. అందుకే లోపల రంధ్రాలున్న అడ్డుపలకలు వెల్డింగ్ చేస్తారు.

నెమ్మదిగా నడిపే బండికి ఇంత జాగ్రత్త ఎందుకన్న వాదనలో కొంత నిజముంది: వేగం తగ్గితే ఆగే దూరమూ తగ్గుతుంది. అయితే వాలులో బరువు లాగే బలం మాత్రం తగ్గదు. పైపులైన్లు వచ్చాక ట్యాంకరు అవసరమేమిటని అడగవచ్చు. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వందల గ్రామాలకు నీరిచ్చింది, శాశ్వత పరిష్కారమూ అదే. కానీ తాగునీటి గొట్టం తోటలను తడపదు. కాబట్టి కరువు సాయంలో నీటి లీటర్లతోపాటు ట్యాంకరు బ్రేకులు, పిన్ను ఊడకుండా క్లిప్పు, ఊడినా తొట్టి విడిపోకుండా రక్షణ గొలుసు కూడా లెక్కలోకి రావాలి.