ముగ్గు తెలిస్తే చిప్ అర్థమవుతుంది: లిన్ కాన్వే పాఠం కథ



మన బెంగళూరు తెలుగు ఇళ్లల్లో ఈసీఈ చదివే పిల్లలున్న చోటల్లా 'వీఎల్‌ఎస్‌ఐ' మాట వినపడుతూనే ఉంటుంది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ డిజైన్ కేంద్రం పెట్టినప్పటి నుంచీ ఈ ఊరికి చిప్‌లతో బంధం ఉంది. అయితే ఈ చదువు కాలేజీల్లోకి ఎలా వచ్చిందో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఈ రోజు ఆ సంగతి రాస్తున్నాను.

1971లో వచ్చిన ఇంటెల్ 4004లో ఉన్నవి సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు. అప్పట్లో చిప్ డిజైన్ అంటే కంపెనీ గోడల లోపలి విద్య. ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో రకం కొలతలు, నియమాలు. బయటి విద్యార్థికి అందులో చోటు లేదు.

ఆ తలుపు తెరిచినవాళ్లు ఇద్దరు: కాల్‌టెక్ ప్రొఫెసర్ కార్వర్ మీడ్, జిరాక్స్ పార్క్ పరిశోధకురాలు లిన్ కాన్వే. వాళ్లు చేసిన పని మన ఆడవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ముగ్గులో చుక్కల మధ్య దూరం తగ్గిస్తే ముగ్గు చిన్నదవుతుంది గానీ రూపం మారదు. చిప్‌లోనూ అంతే. 'లాంబ్డా' అని ఒక కొలత పెట్టుకుని, పాలీసిలికాన్ గీత వెడల్పు కనీసం 2 లాంబ్డాలు, లోహపు గీత 3 లాంబ్డాలు అని నియమం రాశారు. ఫ్యాక్టరీ మారితే లాంబ్డా విలువ మార్చుకుంటే చాలు. రంగులు కూడా పెట్టారు: డిఫ్యూజన్‌కు ఆకుపచ్చ, పాలీసిలికాన్‌కు ఎరుపు, లోహానికి నీలం. ఆకుపచ్చ గీతను ఎర్ర గీత దాటిన చోట ట్రాన్సిస్టర్ పుడుతుంది.

1978లో కాన్వే ఎంఐటీలో ఈ పాఠం చెప్పారు. విద్యార్థులు గీసిన డిజైన్లు నిజమైన చిప్‌లై వాళ్ల చేతికొచ్చాయి. మరుసటి ఏడాది 12 విశ్వవిద్యాలయాల నుంచి 82 డిజైన్లు ఆర్పానెట్ ద్వారా వచ్చాయి. అన్నిటినీ కలిపి ఒకేసారి అచ్చు వేయించారు, ఖర్చు పంచుకున్నారు. మన సంఘం భోజనాల లెక్కే అనుకోండి! 1980లో వాళ్ల పాఠ్యపుస్తకం వచ్చింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. కాన్వే ట్రాన్స్‌జెండర్ మహిళ. తాను స్త్రీగా మారబోతున్నానని చెప్పినందుకు 1968లో ఐబీఎం ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది. కొత్త పేరుతో, పాత అనుభవం చెప్పుకునే వీలు లేక, కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఐబీఎం క్షమాపణ చెప్పింది 2020లో, అంటే 52 ఏళ్లకు. 2024లో ఆమె కన్నుమూశారు. ఆ రోజు ఆమె కుంగిపోయి ఊరుకుని ఉంటే ఈ చదువు తరగతి గదుల్లోకి రావడానికి ఇంకెన్నేళ్లు పట్టేదో!

పిల్లలూ, ఇప్పుడు సాఫ్ట్‌వేరే అన్నీ గీసిపెడుతుంది. అయినా ఒక్కసారి గళ్ల కాగితం, మూడు రంగుల పెన్సిళ్లు తీసుకుని ఒక ఇన్వర్టర్‌ను మీ చేత్తో గీయండి. పెద్దలకు నా మనవి: మార్కుల సంగతి అడిగే ముందు, ఆ బొమ్మేమిటో వాళ్లనే చెప్పమనండి. మనిషిని చూసి తలుపు మూసే అలవాటు మనలో ఉంటే, అదీ మానుకుందాం.