మొహల్లా మారింది, ప్రీమియం పెరిగింది: ఇన్సూరెన్స్‌లో ఇన్సాఫ్ కథ



బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా భాంజా పోయిన నెల ఫోన్ చేశాడు. ఊరి అంచున ఉన్న కిరాయి ఇల్లు ఖాళీ చేసి స్పార్క్‌బ్రూక్‌కి మారాడట. మస్జిద్‌కి నడిచి వెళ్లొచ్చు, హలాల్ గోష్ దుకాణం గలీ చివరే, పిల్లల ఖురాన్ చదువు కూడా దగ్గరే. ఖుషీగానే ఉన్నాడు. కారు ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త పతా చెప్పేసరికి మాత్రం ప్రీమియం 200 పౌండ్లకు పైగా పెరిగింది. అదే కారు, అదే లైసెన్సు, ఆరేళ్లుగా ఒక్క క్లెయిమ్ లేదు. "మామూ, మై గాడీ కబ్బీ ఠోకా నై, ఘర్ బదలా ఇత్తాచ్" అన్నాడు. వాడి గొంతులో గుస్సా కంటే తాజ్జుబ్ ఎక్కువగా ఉంది.

"అక్కడ చోరీలు, హాద్సాలు ఎక్కువేమో బేటా" అని అప్పటికి సర్ది చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకే పాత కితాబులు తిరగేశాను. దొరికినవాటిలో కొంత ఇక్కడ రాస్తున్నాను.

కర్నూలులో నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో రియాజీ మాస్టర్ సాబ్ 'ఔసత్' నేర్పిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ముందు బెంచీలో కూర్చున్న ఐదుగురి మార్కులు బోర్డు మీద రాసి, కూడి, ఐదుతో భాగించారు. 50 వచ్చింది. "ఇప్పుడు చెప్పండి, మీలో 50 ఎవరికి వచ్చాయి?" అని అడిగారు. ఎవరికీ రాలేదు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఆ ఔసత్‌నే సగటు అంటారని తెలిసింది. ఇన్సూరెన్స్ అనే కారోబార్ మొత్తం ఈ సగటు మీదే నిలబడి ఉంది. ఫలానా మనిషికి హాద్సా అవుతుందో లేదో ఏ కంపెనీకీ తెలియదు. వెయ్యి మందిలో ఎంతమందికి అవుతుందన్నది మాత్రం దాదాపుగా తెలుస్తుంది. అంతవరకు ఏ గొడవా లేదు. ఆ వెయ్యి మందిని ఎలా ఏరారు, ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టారు అని అడిగినప్పుడే అసలు కథ మొదలవుతుంది.

కారు కంటే ముందు జిందగీ బీమా సంగతి చూద్దాం. అమెరికాలో గులామీ రద్దయి ఇంకా 20 ఏళ్లు కూడా కాలేదు. ప్రుడెన్షియల్ అనే పెద్ద కంపెనీ గరీబు కార్మికులకు వారానికి కొన్ని సెంట్ల చొప్పున తీసుకుని చిన్న పాలసీలు అమ్మేది. 1881లో ఆ కంపెనీ ఓ ఫైసలా చేసింది. నల్లవారు కూడా తెల్లవారితో సమానంగా ప్రీమియం కట్టాలి. చనిపోతే ఇంటివాళ్లకు వచ్చే రకమ్‌లో మాత్రం మూడో వంతు కోత పెడతారు. నల్లవారు త్వరగా చనిపోతున్నారు, మా హిసాబ్ అదే చెబుతోంది అన్నారు.

మసాచుసెట్స్ శాసనసభలో జూలియస్ షాపెల్ అనే నల్లజాతి సభ్యుడు దీన్ని వదల్లేదు. రంగును బట్టి రేటు మార్చకూడదంటూ బిల్లు తెచ్చాడు. 1884లో అది ఖానూన్ అయింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. కంపెనీల వాదన వింటే ఇప్పటి మాటలే వింటున్నట్టు ఉంటుంది. ఇది తఅస్సుబ్ కాదు, వట్టి లెక్క అన్నారు. ఖానూన్ వచ్చాక వాళ్లు ఎంచుకున్న దారి ఇంకా తెలివైనది. ఒకే రేటు అన్నారు కదా, సరే అన్నారు. నల్లవారి ఇళ్లకు వెళ్లి పాలసీలు అమ్మొద్దని ఏజెంట్లకు చెప్పారు, అమ్మినా కమిషన్ ఇవ్వలేదు. ఈ మలుపును గుర్తుపెట్టుకోండి, మన దేశంలో కూడా ఇది మళ్లీ కనబడుతుంది.

1896లో ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అనే గణాంకవేత్త, జర్మనీ నుంచి వలస వచ్చినవాడు, ఒక పెద్ద కితాబు రాశాడు. దాన్ని వేసింది అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్. పట్టికల మీద పట్టికలు పేర్చి, నల్లజాతి శరీరంలోనే లోపం ఉందని, ఆ జాతి క్రమంగా అంతరించిపోతుందని తేల్చాడు. హాఫ్‌మన్ మూర్ఖుడేం కాదు. తర్వాతి కాలంలో క్యాన్సర్ మరణాల మీద, కార్ఖానా దుమ్ముతో వచ్చే జబ్బుల మీద మంచి పని చేసిన మనిషే. చదువుకున్నవాడి చేతిలో పడ్డ తఅస్సుబ్‌కి అంకెల లిబాస్ ఎంత చక్కగా కుదురుతుందో చూపడానికే ఈ మాట చెబుతున్నాను.

జవాబు ఇచ్చినవాళ్లలో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ముఖ్యుడు. యూరప్‌లోని కొన్ని నగరాల్లో తెల్లవారి మరణాల రేటు అమెరికా నల్లవారి రేటు కంటే ఎక్కువగా ఉందని ఆయన చూపించాడు. మరి ఆ తెల్లవారు కూడా అంతరించే జాతేనా? మనుషుల్ని చంపుతున్నది చర్మం కాదు, ఇరుకు గదులు, మురికి నీళ్లు, తక్కువ మజ్దూరీ. 1906లో అట్లాంటా యూనివర్సిటీ నుంచి ఇదే విషయం మీద ఒక పెద్ద అధ్యయనమే తెచ్చాడు. హాఫ్‌మన్ అంకెలన్నీ కల్పితం కాదు. నల్లవారు నిజంగానే త్వరగా చనిపోతున్నారు. ఆ అంకె ఎక్కడి నుంచి పుట్టింది అని అడగకపోవడమే జుల్మ్. బీమా దొరకనందువల్ల ఇంటి పెద్ద పోయాక బేవా, యతీమ్ పిల్లలు రోడ్డున పడేవారు, అదే ఇరుకు గదుల్లో ఇంకా గరీబుగా బతికేవారు. మరుసటి ఏడాది పట్టికలో ఆ కుటుంబమే మళ్లీ ఒక అంకెగా చేరేది.

అప్పుడు ఆ కౌమ్ ఏం చేసింది? ఈ హిస్సా నాకు చాలా ఇష్టం. నార్త్ కరొలైనాలోని డర్హమ్‌లో గులామ్‌గా పుట్టిన జాన్ మెరిక్ అనే హజ్జామ్ కొందరు దోస్తులతో కలిసి 1898లో నార్త్ కరొలైనా మ్యూచువల్‌కి పునాది వేశాడు. అట్లాంటాలో 1905లో అట్లాంటా లైఫ్‌కి పునాది వేసిన అలాంజో హెర్న్‌డన్ కూడా గులామ్‌గా పుట్టి హజ్జామ్ పని చేసినవాడే. గణాంకవేత్తలు 'నష్టం' అని రాసిన మనుషులకే బీమా అమ్మి, ఇద్దరు మంగలివాళ్లు దశాబ్దాల పాటు నిలిచే కంపెనీలు కట్టారు.

మనమేం దీనికి బయటివాళ్లం కాదు. హిందుస్తాన్‌లో మొదటి జిందగీ బీమా కంపెనీ ఓరియంటల్ 1818లో కలకత్తాలో పెట్టింది గోరా సాహెబుల కోసమే. తర్వాత హిందుస్తానీలకూ పాలసీలు ఇవ్వడం మొదలైనా, మన ప్రాణం తక్కువ రకం ప్రాణం కింద లెక్క. దాని మీద భారీగా అదనపు ప్రీమియం వేసేవారు. మామూలు రేటుకు హిందుస్తానీ ప్రాణాన్ని బీమా చేసిన మొదటి కంపెనీ బాంబే మ్యూచువల్. అది 1870లో వచ్చింది. అంటే 50 ఏళ్లకు పైగా పట్టింది.

ఇక్కడ కొందరు పెద్దలు అడుగుతారు, బీమా జాయిజా అని. ఉలమాల ఇఖ్తిలాఫ్‌లోకి దిగే స్థాయి నాది కాదు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. మదీనాలో రాసుకున్న మీసాక్‌లో దియత్, అంటే ఖూన్‌బహా, ఖబీలా అంతా కలిసి చెల్లించే మాట ఉంది. పొరపాటున ఒకరి చేతిలో మరొకరు చనిపోతే, ఆ బరువు ఆ ఒక్కడి నెత్తిన పడదు. ఆ హిస్సాలు పంచేటప్పుడు మనిషి స్తోమతను చూడాలని ఫుఖహాలు రాశారు. నువ్వు ఎంత ఖతర్నాక్ మనిషివి అన్నది అక్కడ సవాల్ కాదు. నేటి తకాఫుల్ కంపెనీలు కూడా రిస్కు పట్టికలే వాడుతున్నాయి కాబట్టి దాన్ని రొమాంటిక్‌గా చూపించను.

ఇక కారు సంగతి. 1967లో అమెరికా నగరాలు తగలబడ్డాక, ప్రెసిడెంట్ జాన్సన్ కాలంలో వేసిన హ్యూస్ కమిటీ 1968లో రిపోర్టు ఇచ్చింది. నగరాల నడిబొడ్డున ఉన్న మొహల్లాలకు బీమా దొరకడం లేదని, బీమా లేకపోతే లోన్ రాదని, లోన్ లేకపోతే ఇల్లూ దుకాణం రెండూ ఉండవని అందులో ఉంది. అప్పటికి ఫారంలో రంగు అడగడం మానేస్తున్నారు. పతా అడిగితే చాలు. దశాబ్దాల పాటు నల్లవారిని కొన్ని వీధుల్లోనే ఉండనిచ్చిన దేశంలో పతా చెబితే రంగు చెప్పినట్టే.

దీన్ని గట్టిగా పట్టుకున్న రాష్ట్రం కాలిఫోర్నియా. 1988లో అక్కడి ఓటర్లు ప్రపోజిషన్ 103 గెలిపించారు. దాని ప్రకారం రేటుకి మొదట నీ డ్రైవింగ్ రికార్డు, తర్వాత ఏడాదికి ఎన్ని మైళ్లు నడుపుతావో, ఆ తర్వాత ఎన్నేళ్ల అనుభవమో చూడాలి. పతా వాటి తర్వాతే. క్రెడిట్ స్కోర్ చూసి కారు ప్రీమియం పెంచడం అక్కడ కుదరదు. అయినా 2017లో ప్రోపబ్లికా, కన్స్యూమర్ రిపోర్ట్స్ కలిసి కాలిఫోర్నియా సహా నాలుగు రాష్ట్రాల లెక్కలు తీస్తే, హాద్సాల ఖర్చు ఒకేలా ఉన్నా మైనారిటీ మొహల్లాల్లో కొన్ని కంపెనీలు 30 శాతం దాకా ఎక్కువ వసూలు చేస్తున్నాయని తేలింది.

ఆడవాళ్లకు తక్కువ రేటు, కుర్రాళ్లకు ఎక్కువ రేటు సంగతేంటి అని మా బేగమ్ అడిగింది. వాజిబ్ సవాలే. యూరప్ అదాలత్ 2011 మార్చి 1న తీర్పు ఇచ్చి, 2012 డిసెంబర్ 21 నుంచి ఆడా మగా తేడాతో రేటు వేయకూడదంది. జాగ్రత్తగా నడిపే అమ్మాయిలకు ఉన్న తక్కువ రేటు పోయింది. నాకు ఇందులో పూర్తి తసల్లీ లేదు. కుర్రాడు ఒకరోజు 40 ఏళ్లవాడు అవుతాడు, వయసు అందరి మీదుగా పోయేదే కాబట్టి ఆ తేడాను ఒప్పుకోగలను. ఇంటిపేరు, రంగు అలా మారేవి కావు.

మళ్లీ భాంజా దగ్గరికి. 2018 జనవరిలో బ్రిటన్‌లో 'సన్' పత్రిక ఒక పని చేసింది. మిగతా వివరాలన్నీ ఒకేలా పెట్టి పేరు మాత్రం మార్చి కొటేషన్లు అడిగింది. జాన్ కంటే మొహమ్మద్‌కి వందల పౌండ్లు ఎక్కువ చెప్పిన సందర్భాలు దొరికాయని రాసింది. పేరును బట్టి రేటు వేయం అని కంపెనీలు ఖండించాయి. 2022 మార్చిలో సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ పోస్ట్‌కోడ్ల మీద పరిశీలన వేసింది. సగం కంటే ఎక్కువ మంది తెల్లవారు కాని పోస్ట్‌కోడ్లలో కొటేషన్లు కనీసం 280 పౌండ్లు ఎక్కువ. నేరాలు, హాద్సాలు, గరీబీ లాంటి మామూలు కారణాలతో ఆ తేడాను వివరించలేమని కూడా చెప్పింది. నేను భాంజాకి ఫోన్లో చెప్పిన జవాబు అక్కడ తేలిపోయింది.

మన దగ్గర? బీమా రంగాన్ని చూసే ఐఆర్‌డీఏఐ దఫ్తర్ హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడ వైపు ఉంది. థర్డ్ పార్టీ రేటు సర్కారు నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో 1000 సీసీ లోపు కారుకి 2,094 రూపాయలు, 1500 దాకా 3,416 అని పెట్టారు. షాలిబండలో కారుకీ జూబ్లీహిల్స్‌లో కారుకీ అదే. ఇది చిన్న సంగతి కాదు. కానీ మసాచుసెట్స్ మలుపు ఇక్కడా వచ్చింది. రేటు బిగించేసరికి కంపెనీలు లారీల లాంటి నష్టం వచ్చే బండ్లను తప్పించుకోవడం మొదలుపెట్టాయి. ఎవరూ వద్దన్న బండ్ల నష్టాన్ని కంపెనీల మధ్య పంచడానికి 2012లో ప్రత్యేక పూల్ పెట్టాల్సి వచ్చింది. సొంత బండి నష్టానికి వేసే ప్రీమియం సంగతి వేరు. 2007 నుంచి అది కంపెనీల చేతిలో ఉంది. పాత టారిఫ్‌లో హైదరాబాద్ మొత్తం ఒకే జోన్. ఇప్పుడు ఏ కంపెనీ కంప్యూటర్ ఏ పిన్‌కోడ్‌ని ఎలా చూస్తుందో కొనేవాడికి ఎవరూ చెప్పరు. పాతబస్తీ పతా చూసి లోన్ కాగజ్ వెనక్కి నెట్టిన కౌంటర్ ముందు నేను కూడా ఒకసారి నిలబడ్డాను. సబబు చెప్పమంటే "సిస్టమ్ తీసుకోవడం లేదు సార్" అన్నారు.

ఇదంతా మొన్న భాంజాకి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. పాత ఇంటి పతాతోనే పాలసీ కొనసాగించమని ఎవరో సలహా ఇచ్చారట. "అది ఝూట్ అవుతుంది, రేపు హాద్సా అయితే క్లెయిమ్ కూడా ఇవ్వరు" అన్నాను. "మాలూమ్ మామూ" అన్నాడు. పెరిగిన రేటుకే కట్టేశాడు. రేటుకి సబబు ఏమిటో రాతపూర్వకంగా చెప్పమని కంపెనీకి మెయిల్ కూడా పెట్టాడు. ఇది రాసే సమయానికి జవాబు రాలేదు.